జపాను రాక్షసికి పసుపునీళ్ళు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక, సునాబెడ క్వార్టర్సులో మా వెనక వరండాలో కూర్చుని చింతపండులో పిక్కలు ఏరుకుంటూంటే, మనవరాలు సెల్‌ఫోను పట్టుకొచ్చి నా ముఖం ముందు పెట్టి, మామ్మా ఇది చూడు, నీకు నచ్చుతుంది అంది. దాని లెక్కలో దానికి నచ్చినవన్నీ నాకూ నచ్చి తీరాలి. ఆ పిల్లకి వింత జంతువులంటే పిచ్చి. అందులో ఒక కుర్రాడు, వెనక ఎవరో తరుముతున్నట్టు గబగబా హిందీలో మాట్లాడేస్తున్నాడు. జపాను వాళ్ళు కొండంత రాక్షసుల మీద సినిమాలు తీసేవారు కదా, అలాంటి ఒక సినిమాకి ముందు ఒక ఊహ అనుకుని, దాన్ని పక్కన పడేసి మరోలా తీశారట, ఆ పక్కన పడేసిన ఊహ గురించి అన్నమాట. సగం చెవితో వింటూ నా పని నేను చేసుకుంటున్నాను. అంతలో తెర మీదకి ఒక పాత పెన్సిలు బొమ్మ వచ్చింది. నాలుగు కాళ్ళ జంతువు, వీపంతా నాచు, ఆ నాచులో బుల్లి బుల్లి చెట్లు, నిద్ర చాలనట్టున్న కళ్ళు, రుబ్బురోళ్ళంత పాదాలు.

చింతపండు చేతిలో అలాగే ఉండిపోయింది. ఫోనులో కుర్రాడు చెప్పుకుపోతున్నాడు, ఇదే మొదటి ఊహ అని, కంపెనీ వాళ్ళు వద్దన్నారని, దీన్ని ఒక్క ముక్కయినా ఫిల్ము మీదకి ఎక్కించలేదని, కథ చివర ఏమవుతుందో తెలిసినవాళ్ళు ఇవాళ ఎవరూ లేరని. నాకు పకపకా నవ్వొచ్చింది. ఎవరూ లేకపోవడమేమిటి, చింతపండు గిన్నె ముందు పెట్టుకుని నేను కూర్చుని ఉండగా! ఆ సినిమా రాయగడలో మా వీధిలో తీశారే, అందులో మీ తాత కూడా వేషం కట్టాడు అన్నాను. మనవరాలు నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, జ్వరమేమోనని.

దానితో వాదించి లాభం లేదు. టెంటు సినిమాలో ఇసక మీద చతికిలబడి వేరుశనక్కాయలు ఒలుచుకుని తిన్నవాళ్ళకి, రీలు తెగినప్పుడల్లా ఈలలు వేసినవాళ్ళకి, అంటే నా ఈడు వాళ్ళకి చెప్పుకుంటే నమ్ముతారు. అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నేను కోరాపుట్ వెళ్ళి టైపు పరీక్ష రాసి, పాసయి, రాయగడ కాగితం మిల్లు ఆఫీసులో టైపిస్టుగా చేరిన కొత్త రోజులవి. మా తాత విజయనగరం వైపు నుంచి జమీందారీ ఎస్టేటు కొలువుకి వచ్చి, ఎస్టేటు పోయినా ఊరు వదలలేక అక్కడే ఉండిపోయిన మనిషి. మా నాన్న మునిసిపాలిటీలో గుమాస్తా. రైలు కట్ట పక్కన మా వీధి వీధంతా తెలుగువాళ్ళే, అందరివీ అరుగుల ఇళ్ళే, అందరూ ఏదో వరసకి చుట్టాలే. ఆడపిల్ల మిల్లులో ఉద్యోగం చెయ్యడం మా వీధిలో నాతోనే మొదలు. మా నాన్న భయపడ్డాడు గానీ మా నాయనమ్మ మాత్రం, టకటకా కొట్టుకోడానికి తబలా కన్నా అదే నయం, జీతమైనా ఇస్తారు అని నన్ను పంపించింది.

మిల్లులో కొత్త మిషను బిగించడానికి జపాను నుంచి కొందరు వచ్చారు. ఇంజనీర్లంతా సూట్లు వేసుకుని గెస్ట్‌హౌసులో ఒక చోట కూర్చునేవారు. వాళ్ళలో ఒక ఫిట్టరు ఉండేవాడు, యాభై దాటిన మనిషి, బక్కపల్చగా, మాట్లాడితే ఎక్కడ ఎవరికి తగులుతుందో అన్నట్టు నెమ్మదిగా మాట్లాడేవాడు. ఆయన పేరు మా ఎవరి నోటికీ తిరగలేదు, జపాను బాబు అనేవాళ్ళం. మిషను కాగితాలు ఇంగ్లీషులో టైపు చేసేది నేనే కాబట్టి ఆయన మాటలు మావాళ్ళకి, మావాళ్ళ మాటలు ఆయనకి అందించే పని నా నెత్తిన పడింది. ఆయనకొచ్చిన ఇంగ్లీషు ముక్కలు వేరు, నాకొచ్చినవి వేరు, రెండూ కలిపితే ఎలాగో ఒక భాష అయ్యేది. అప్పటికీ చాలకపోతే ఆయన చెవి వెనకనుంచి పెన్సిలు తీసి బొమ్మ గీసేవాడు.

గెస్ట్‌హౌసు భోజనం ఆయనకి పడడం లేదని తెలిసి మా నాన్న ఒక ఆదివారం ఇంటికి పిలుచుకొచ్చాడు. వీధిలోంచి ఎవరొచ్చినా గుమ్మంలో కాళ్ళకి నీళ్ళివ్వడం మా ఇంటి అలవాటు. మా నాయనమ్మ చెంబుతో నీళ్ళు అందిస్తే ఆయన రెండు చేతులా అందుకుని, నడుం దాకా వంగి దండం పెట్టి, గటగటా తాగేశాడు. అరుగుల మీద ఉన్న ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నాయనమ్మ నవ్వలేదు. ఇంకో చెంబు ముంచుకొచ్చి తనే వంగి ఆయన పాదాల మీద పోసింది. ఆయన తడిసిన తన కాళ్ళవంక చాలాసేపు చూసుకుని, ఇది ఎందుకు అని నన్నడిగాడు. దారి దుమ్ము పోవడానికి అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో అంతకన్నా పెద్ద సంగతి పట్టదు. ఆయన తలూపాడు గానీ భోజనం దగ్గర కూడా ఆ కాళ్ళే చూసుకుంటూ కూర్చున్నాడు. మెత్తళ్ళ చేపల పులుసు మాత్రం కళ్ళు మూసుకుని మూడుసార్లు వేయించుకున్నాడు.

ఆ చలికాలం బోరిగుమ్మ వైపు నుంచి టెంటు సినిమా మా ఊరొచ్చింది. దాన్లో జపాను రాక్షసి బొమ్మ ఒకటి ఆడుతోందంటే ఇంటిల్లిపాదీ బయల్దేరాం, జపాను బాబుని కూడా వెంటబెట్టుకుని. బొమ్మ మాటలు ఇంగ్లీషులో ఉండేవి, తెర పక్కన మైకు పట్టుకుని ఒకాయన కాసేపు తెలుగులోను, కాసేపు ఒడియాలోను, హుషారొస్తే కొండవాళ్ళు మాట్లాడే దేసియాలోను కథ చెప్పేవాడు. ఆయన కథకీ తెర మీద కథకీ పెద్ద చుట్టరికం ఉండేది కాదు, ఆయన లెక్కలో ఆ రాక్షసుడు భస్మాసురుడికి సొంత తమ్ముడు. రాక్షసుడు రైలు నోట కరచుకున్నప్పుడు టెంటంతా కెవ్వుమంది. అందరూ అరుస్తుంటే జపాను బాబు ఒక్కడే చిన్నపిల్లాడిలా మురిసిపోతూ, తెర మీద రాక్షసి తోకనీ పొలుసుల్నీ వేలితో చూపిస్తున్నాడు, తన ఇంట్లో సామాను చూపించినట్టు.

ఇంటికి తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాక ఆ మురిపెం ఎందుకో చెప్పాడు. కుర్రతనంలో ఆయన అలాంటి తొడుగులు తయారుచేసే షెడ్డులో పనిచేశాడట. రబ్బరు పొలుసులు ఒక్కొక్కటే అంటించేవాడట. ఒక సినిమా తీద్దామని కంపెనీ వాళ్ళు అనుకున్నప్పుడు మొట్టమొదటి ఊహ ఈయనే బొమ్మలు గీసి పట్టుకెళ్ళి ఇచ్చాడట. మిషను సామాను వచ్చిన చెక్కపెట్టె మూత ఒకటి మా అరుగు మీద ఉంటే దాని మీదే గీసి చూపించాడు. మంట కక్కే రాక్షసి కాదు అది. చెరువు పక్కన కొండలా పడుకుని ఉంటుంది, వీపు మీద చెట్లు మొలిచేటంత కాలంగా నిద్రపోతూ. కరువొచ్చి చెరువెండిపోతే లేస్తుంది. దాహంతో పట్నం మీద పడుతుంది, తుపాకులు పేలుస్తారు, విమానాలొస్తాయి, దేనికీ ఆగదు, ఇళ్ళన్నీ తొక్కుకుంటూ పోతుంది. అక్కడిదాకా చెప్పి ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టేసుకున్నాడు. తరవాతేమయ్యిందని మా నాయనమ్మ అడిగితే నేను అడిగాను. ఏమీ లేదు, కంపెనీ వాళ్ళు నవ్వారు, వేరే కథ తీశారు, నేనూ ఆ పని మానేసి ఫిట్టరు పని నేర్చుకున్నాను అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూసి, ఇన్నేళ్ళయినా దిగమింగుకోలేని సంగతేదో ఉందనిపించింది నాకు.

ఆయన వెళ్ళిపోయాక నాయనమ్మ చెక్క మీద బొమ్మని వేలితో తడుముతూ అంది.

“అంత రాచ్చసిని బుర్రలో ఎట్టుకుని ఇన్నేళ్ళు ఎలా తిరిగేడమ్మీ ఆ బాబు? నిండు సూలాలు కూడా తొమ్మిది నెల్లే కదేటి మోత్తాది. మనకి ఎదురుబొంగులున్నాయి, మనుసులున్నారు. మనవే పురుడోసేద్దాం.”

ఆవిడ అన్నదంటే అన్నదే. రాక్షసిని మేమే కట్టి నడిపిస్తామని జపాను బాబుకి చెబితే ముందు నమ్మలేదు, నమ్మాక పెట్టెలోంచి అరచేతిలో ఇమిడే సినిమా కెమెరా ఒకటి తీసి చూపించాడు. తాళంచెవి తిప్పినట్టు తిప్పితే నడుస్తుంది. ఒకే ఒక్క రీలు మిగిలింది, అది రెండు మూడు నిమిషాలకి మించి రాదు. చైత్రంలో మిషను పని అయిపోగానే ఆయన వెళ్ళిపోవాలి. ఈలోగా తన రాక్షసి నాలుగు అడుగులు నడిచి పట్నం తొక్కడం ఒక్కసారి ఫిల్ము మీదకి ఎక్కితే చాలన్నాడు. మళ్ళీ అలాంటి ఊరూ అలాంటి మనుషులూ దొరకరని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.

చైత్రంలో మా అమ్మవారి సంబరం. వీధి పెద్ద మా పెదనాన్న. డప్పులవాళ్ళు దొరికేదీ, వీధంతా ఖాళీ చేయించగలిగేదీ ఆ ఒక్క రోజే. అయితే అమ్మవారి ముందు ఉత్తి బొమ్మలాట కుదరదు, రాక్షసయినా సరే బొట్టు పెట్టించుకుని, పులివేషాల వెనక వరసలో వట్టి కాళ్ళతో నడవాలి అని పెదనాన్న షరతు పెట్టాడు. నేను అది జపాను బాబుకి చెబితే ఆయన లేచి నిలబడి పెదనాన్నకి వంగి దండం పెట్టాడు. పెదనాన్న ఉబ్బిపోయి, వెలుతురు ఉండగానే ఊరేగింపు బయల్దేరదీస్తాను, ఫోటో బాగా రావాలి కదా అన్నాడు.

ఇక చూడండి మా వీధి. బిస్సమ్ కటక్‌లో అడివి కంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే మా బావ లారీ మీద వెదుళ్ళు వేయించుకుని దిగాడు. మా ఇద్దరి పెళ్ళిమాటలు అంతకుముందే అటూ ఇటూగా ఉన్నాయి, వెదురు వంకతో వచ్చినవాడు సంబరం దాకా కదల్లేదు. మిల్లులో వెదురు ఉడకబెట్టి రుబ్బిన గుజ్జు కాలవ దగ్గర వృథాగా పోతూంటుంది. ఒడియా ఫోర్‌మన్‌ని అడిగితే, నెయిజా నెయిజా, పట్టుకుపొండి అని చేతులూపాడు. బద్దలతో కొండంత ఆకారం కట్టి, గోనెగుడ్డ చుట్టి, గంజి కలిపిన ఆ గుజ్జుతో పొలుసులు అంటించాం. గుజ్జుని ముద్దలా పెట్టి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే ఒక పొలుసు. వీధిలో ఆడవాళ్ళందరి వేలిముద్రలూ ఆ జంతువు ఒంటినిండా ఉన్నాయి. కాలిగోళ్ళు మా నాయనమ్మ చేసింది, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. కళ్ళకి మా ఇంట్లో ఇత్తడి గిన్నెల మూతలు రెండు పెట్టాం. మిషను సామాను పెట్టెలతో పిల్లలు వీధి చివర మైదానంలో పట్నం కట్టారు, కిటికీలు, మేడలు, మునిసిపాలిటీ ఆఫీసుతో సహా.

రంగు దగ్గర పేచీ వచ్చింది. పెయింటు వేస్తే తడి తగిలినా ఫరవాలేదని మా బావ అన్నాడు. పెయింటు మెరుస్తుంది, కొండ మెరవదు అని జపాను బాబు ఒప్పుకోలేదు. ఎర్రమట్టి, మసి, నీలిమందు జిగురుతో కలిపి పూశాం. అలా పూసిన గుజ్జుకి నీరే శత్రువని అందరికీ తెలుసు. చైత్రంలో సాయంత్రాలు గాలివాన ఎప్పుడు విరుచుకుపడుతుందో చెప్పలేం కదా, అంచేత మిల్లు నుంచి టార్పాలిన్లు తెచ్చి దగ్గర పెట్టుకున్నాం. ఆ వారం రోజులూ జపాను బాబు ఆకాశం చూడ్డం, మేం ఆకాశం చూడ్డం. మా నాన్న ఆఫీసు మధ్యలో బయటికొచ్చి ఆకాశం చూసి వెళ్ళేవాడు. కిందకి చూడాలన్న ఊహ ఒక్కరికైనా రాలేదు.

సంబరం రోజు ఆకాశం అద్దంలా ఉంది. రాక్షసి ముందుకాళ్ళలోకి మా బాబాయి, వెనక్కాళ్ళలోకి మా బావ దూరారు, నడుమ కొండని మోయడానికి మరో ఇద్దరు. నుదుటిన అరచేతంత కుంకుమ బొట్టు పెట్టారు. డప్పు మొదలయ్యేసరికి అది లేచింది. నిజం చెప్తున్నాను, అందులో ఉన్నది నా బాబాయని తెలిసి కూడా నా ఒళ్ళు జలదరించింది. వీపు మీద గుచ్చిన వేపరెమ్మలు ఊగుతూ, ఇత్తడి కళ్ళు ఎండకి మెరుస్తూ, ఒక్కొక్క అడుగే వేస్తూ వస్తోంటే ఎవరిదో ఆవు పలుపు తెంపుకుని రైలు కట్టెక్కేసింది. జపాను బాబు కెమెరా కంటికి ఆనించుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు, ఆయన రాళ్ళు తట్టుకుని పడకుండా నేను చొక్కా అంచు పట్టుకుని నడిపిస్తున్నాను.

అప్పుడు కనిపించింది. ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్ళు ముర్రాటలతో నిలబడి ఉన్నారు. ముర్రాట అంటే మా వైపు తెలియనివాళ్ళుండరు, వేపాకులు వేసిన పసుపునీళ్ళ చెంబు. సంబరం నాడు అమ్మవారి తరఫున వట్టి కాళ్ళతో వీధిలోకి ఏ వేషం వచ్చినా, ఆ కాళ్ళు అమ్మవారి కాళ్ళే, ముర్రాట పొయ్యకుండా గుమ్మం దాటనివ్వరు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే, వానకి అంత భయపడ్డవాళ్ళం ఒక్కరికీ గుర్తు రాలేదు. మొదటి ఇంటి దగ్గర మా పెద్దమ్మ, ఓలమ్మో వచ్చేసినాది తల్లి, అంటూ చెంబెడు నీళ్ళూ ముందుకాలి మీద కుమ్మరించింది. నేను పొయ్యొద్దని అరిచాను, డప్పులో ఎవరికి వినపడుతుంది! రెండో ఇంటివాళ్ళు పోశారు, మూడో ఇంటివాళ్ళు పోశారు. చేతిలో ముర్రాట ఉంచుకుని ఎవరు ఊరుకుంటారు? కాయితమని వాళ్ళకి తెలియక కాదు, ఆ పొలుసులు నొక్కినవాళ్ళే. చేతులకి అలవాటైన పని చేతులే చేసేశాయి.

మా ఇంటి ముందుకొచ్చేసరికి పాదాలు జావైపోయాయి, మా బాబాయి కాలివేళ్ళు బయటికొచ్చేశాయి. మా నాయనమ్మ అరుగు దిగి, మెల్లిగా వంగి, తను చేసిన గోళ్ళ మీదే చెంబు వంచి, ఆపైన అరచేత్తో పసుపు రాసింది. అంతే, ముందుకాళ్ళు రెండూ కుంగి, కొండంత జంతువు ఆవిడ ముందు మోకాళ్ళ మీదకి దిగి, తల తెచ్చి మా అరుగు మీద ఆనించేసింది. వెనక మా బావ ఆ బరువు ఆవిడ మీద పడకుండా భుజం ఒడ్డి ఆపాడు. వెదురు బద్ద దిగబడ్డ మచ్చ ఆయన పోయేదాకా అలాగే ఉంది. మాది పెద్దలు చూసి చేసిన సంబంధం అంటారు గానీ, ఆయన్ని నేను మెచ్చుకున్నది మాత్రం రాక్షసి వెనక్కాళ్ళలోనే.

డప్పు ఆగిపోయింది. మా పెదనాన్న పరుగున వచ్చి ఆడవాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. వీధి చివర పట్నం కట్టిన పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

“మీకు మతుందేటి? కాయితం కాళ్ళమీద నీల్లెవులైనా పోత్తారా? ఆ బాబు అంత దూరం నుంచొచ్చి…” అని పెదనాన్న అరిచాడు.

“కాళ్ళతో నడిసొచ్చిన దాన్ని కడక్కుండా ఎలాగొగ్గెత్తాంరా?” అంది నాయనమ్మ, చెంబు కింద పెడుతూ.

నాకు జపాను బాబు ముఖంలోకి చూసే ధైర్యం లేదు. ఎన్నో ఏళ్ళు మోసిన బరువు, వారాల పని, మిగిలిన ఒక్క రీలు, అంతా మట్టిపాలైపోయింది. వచ్చిన ఇంగ్లీషంతా పోగుచేసి క్షమించమన్నాను. ఆయన వినిపించుకోలేదు. కెమెరా ఇంకా కంటి దగ్గరే ఉంది, జంతువు పడుతున్నప్పుడు కూడా ఆపలేదు, లోపల రీలు అయిపోయి ఉత్తినే టకటకమంటోంది. కాసేపటికి దించి, తడి మట్టిలో చతికిలబడిపోయాడు. నవ్వుతున్నాడు, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. చెవి వెనక పెన్సిలు తీశాడు గానీ కాగితం లేక, ఆ పసుపు బురదలోనే వేలితో గీసి చూపిస్తూ, మా అరుగు మీద ఆ వేళ చెప్పకుండా మింగేసిన ముగింపు చెప్పాడు.

తుపాకులకీ విమానాలకీ ఆగని ఆ జంతువు ఒక సందులోకి వస్తుంది. అందరూ పారిపోతారు. ఒక ముసలామె మాత్రం గుమ్మంలోంచి చూసి, పాపం ఎంత దూరం నడిచిందో అనుకుని, తన దగ్గరున్న ఒక్క బాల్చీ నీళ్ళూ దాని కాళ్ళ మీద పోస్తుంది. అది అక్కడే తలవాల్చి పడుకుంటుంది, మళ్ళీ కొండైపోతుంది. అదీ కథ. కంపెనీ వాళ్ళు అంతా విని చివరికొచ్చేసరికి నవ్వారట, జనం టిక్కెట్టు కొనేది ఊళ్ళు కూలడం చూడ్డానికి గాని ముసలమ్మ నీళ్ళు పొయ్యడం చూడ్డానికా అని. ఇన్నేళ్ళలో తనకీ వాళ్ళ మాటే నిజమనిపించిందట. అందుకే ముగింపు మాకు చెప్పలేదు, పిల్లలచేత పట్నం కట్టించి, తొక్కడం ఒక్కటే తీసుకుని పోదామనుకున్నాడు.

ఆయనేటంతన్నాడమ్మీ అని నాయనమ్మ నన్ను పొడిచి పొడిచి అడిగింది. నేను వెక్కుతూనే అంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యంగా చూసింది.

“మరైతే అందులో నవ్వడానికేటుందీ? ఎవులైనా అదే సేత్తారు.”

ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి ఆయనకి అందించాను. నా ఉద్యోగం మొత్తం మీద నేను చేసిన మంచి పని అదొక్కటే అనిపిస్తుంది. ఆయన లేచి, మా నాయనమ్మ ముందు నేలకి నుదురు తగిలేలా వంగాడు. ఆవిడ కంగారుపడిపోయి, లెగు బాబూ, బురదంటుతాది అని రెక్క పట్టుకుని లేపింది. తరవాత అందరికీ పానకం ఇచ్చారు. పిల్లల ఏడుపు మాన్పడానికి మా పెదనాన్న తనే వెళ్ళి పట్నాన్ని తొక్కి వచ్చాడు.

జపాను బాబు వెళ్ళిపోయిన మరుసటేడు పార్సిలు వచ్చింది, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బాలో ఆ రీలు. సన్నటి ఫిల్ము అది, టెంటువాడి మిషనుకి పట్టలేదు. రాయగడలో గాని కోరాపుట్‌లో గాని దాన్ని ఆడించే మిషను మాకు దొరకలేదు. కిటికీ ఎండకి ఎత్తిపట్టుకుని ఒక్కొక్క బొమ్మే చూసుకునేవాళ్ళం. గోరంత నాయనమ్మ, గోరంత చెంబు. నేనింత పొట్టిగా ఉంటానేటి అని ఆవిడ అలిగేది. ఇప్పుడు ఆవిడ లేదు, మా బావ కూడా పోయి నాలుగేళ్ళు. ఆ ఇత్తడి మూతల్లో ఒకటి నా పప్పుగిన్నె మీద ఉంది.

మనవరాలికి ఇదంతా చెప్పి, ట్రంకుపెట్టె అడుగునుంచి డబ్బా తీసిచ్చాను. ఫిల్ము చాలామటుకు అంటుకుపోయింది, పుల్లటి వాసన వేస్తోంది. ఫోను లైటు వెనక పెట్టి ఎత్తి చూస్తే నాలుగైదు బొమ్మలు మాత్రం పోల్చుకోగలిగింది. నా నుదుటి మీద చెయ్యి వెయ్యలేదు ఈసారి. ఎవరికీ తెలియని ముగింపు కదా మామ్మా, ఆ వీడియో కింద నేను రాసేస్తాను అంది. రాయమన్నాను. ముసలామె కాళ్ళు కడిగింది, రాక్షసి పడుకుంది అని రాసింది. సాయంత్రం దీపం పెట్టేవేళకి చూసుకుంటే దాని కింద పాతిక మంది దాకా పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. నాకు జపాను బాబు పెన్సిలు చెవి వెనక పెట్టేసుకోవడం కళ్ళకి కట్టింది.

పోయిన చైత్రం కూడా గుర్తొచ్చింది, అప్పుడు సంబరానికి రాయగడ వెళ్ళాను. రోడ్డు వెడల్పు చేస్తూ మా వీధి అరుగులన్నీ కొట్టేశారు. మోసేవాళ్ళు దొరకరు కదా, అమ్మవారి ఘటాన్ని ట్రాక్టరు మీద పెట్టి, చుట్టూ రంగు దీపాలతో, గుండెలదిరే పాటలతో తీసుకొచ్చారు. పిల్లల భక్తికి లోటు లేదు, నేను వాళ్ళని తప్పుపట్టను. ముర్రాట పట్టుకుని నేనొక్కదాన్నే రోడ్డు పక్కన నిలబడ్డాను. నడిచే కాళ్ళు ఎక్కడా కనిపించలేదు. మామ్మగారూ ఎనక్కి జరగండి, టైరు తగులుతాది అని ఒక కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. ట్రాక్టరు వెళ్ళిపోయాక నీళ్ళు మా పుట్టింటి పెరట్లోకి మోసుకెళ్ళి కరివేపాకు మొక్కకి పోశాను.

చిన్నబుచ్చుకున్న మనవరాల్ని దగ్గరికి తీసుకుని ఏదో ఒకటి చెబుదామనుకున్నాను. నాయనమ్మ అన్న మాటే నోటి దాకా వచ్చింది, అందులో నవ్వడానికేటుంది, ఎవులైనా అదే సేత్తారు అని. మొదటి సగం అన్నాను. రెండో సగం ఈ రోజుల్లో అనడానికి నాకు నోరు రాలేదు.